రైట్ చెప్పలేదు

రెంటచింతల దాటాక బస్సు ఒక్కసారిగా ఎడమపక్కకు లాగింది. గుంట తప్పించడానికి లాగినట్టు కాదు, చేతిపట్టు వదిలితే లాగినట్టు. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు తూలారు. "ఏందయ్యో, నిద్దరపోతున్నావా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మరుక్షణం బండి దారికొచ్చింది. జనం ఆ సంగతి అక్కడే మరిచిపోయారు. మే నెల, మిట్టమధ్యాహ్నం, పైన రేకు కాలిపోతోంది, లోపల అరవైమందికి పైగా ఉన్నారు. ఎవరి చెమట వాళ్ళు తుడుచుకోవడానికే సరిపోయింది.

కండక్టర్ అబిదా మాత్రం మరిచిపోలేదు. ఆ సమయానికి ఆమె టికెట్ మిషను పట్టుకుని డ్రైవరు సీటుకు రెండడుగుల దూరంలో ఉంది. డ్రైవరు పున్నారావు ఎడమచెయ్యి స్టీరింగు మీద లేదు. దవడ కింద ఉంది. పన్నునొప్పి లేచినవాడిలా దవడను అదిమిపట్టుకుని, కళ్ళు చికిలించి, ఒంటిచేత్తో బండిని లాక్కొస్తున్నాడు.

"అన్నా!" అందామె.

అర కిలోమీటరు పోయాక రోడ్డు పక్కన ఆపి, "టైరు చూసొస్తా" అని దిగాడు. అబిదా కూడా వెంటే దిగింది. ఆయన టైరు వైపు చూడనేలేదు. బస్సు వెనక్కి పోయి, నిచ్చెన కమ్మీ పట్టుకుని వంగి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. అది ఎండకు పట్టిన చెమట కాదని ఆమెకు చూడగానే తెలిసింది. ముఖంలో రక్తం లేదు.

"ఏందన్నా ఇది?"

"గ్యాసు. పొద్దున కారప్పచ్చడేసుకుని నాలుగిడ్లీలు తిన్నా."

"గ్యాసుకు దవడ పట్టుకుంటారా ఎవరన్నా?"

"నువ్వు డాక్టరువా, కండక్టరువా?" అని కసిరాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "ఐదు నిమిషాలు ఆగమ్మా. తగ్గిపోద్ది. ఎప్పుడూ తగ్గిపోద్ది."

ఎప్పుడూ అన్న మాట దగ్గర అబిదా ఆగిపోయింది. అంటే ఇది మొదటిసారి కాదు.

మూడేళ్ళుగా మాచర్ల నుంచి గుంటూరుకు ఇద్దరిదీ ఒకే బండి. పున్నారావుకు యాభైమూడు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆయన బండి కింద కోడిపిల్ల కూడా పడలేదని డిపోలో చెప్పుకుంటారు. పరుగెత్తుకొచ్చే ఆడమనిషిని చూస్తే కండక్టరు 'హోల్డాన్' అనకముందే బ్రేకు మీద కాలేస్తాడు. అబిదా కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, తాగి గొడవచేసిన ఒకణ్ణి చొక్కా పట్టుకుని దించి, "మా చెల్లెలు టికెట్టు కొట్టేదాకా బండి కదలదు" అన్నవాడు ఆయనే. అప్పటినుంచి ఆయనను అన్నా అనే పిలుస్తుంది. ఊరికే నోటిమాటగా కాదు.

గుంటూరు బస్టాండు క్యాంటీన్లో మజ్జిగ గ్లాసు ముందు పెట్టుకుని ఆమె అడుగుతుంటే, ఆయన కొసరి కొసరి చెప్పాడు. ఉగాది నుంచి వస్తోందట. అన్నం తిన్నాక గబగబా నడిచినా, మెట్లెక్కినా, రోడ్డు మీద ఎవడన్నా హఠాత్తుగా అడ్డమొచ్చినా, ఎడమభుజం నుంచి దవడ దాకా ఎవరో తాడేసి లాగినట్టుంటుందట. ఆగి నిలబడితే పోతుందట.

"చూపించుకోలా?"

"చూపించుకోకేం! మొన్న డిపోవాళ్ళు పెట్టిన వైద్యపరీక్షల్లో ఈసీజీ తీశారు. గీత సాఫుగా ఉంది. నిక్షేపంలా ఉన్నావన్నారు."

"దవడ లాగుద్దని వాళ్ళకు చెప్పావా?"

పున్నారావు మజ్జిగ తాగాడు. "వాళ్ళు అడగలా. నేను చెప్పలా."

ఎందుకు చెప్పలేదో అబిదాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండేళ్ళ కిందట డ్రైవరు సుధాకర్‌కు చూపు తగ్గిందని బండి దించేశారు. ఇప్పుడతను డీజిల్ పంపు దగ్గర కుర్చీలో కూర్చుని నంబర్లు రాసుకుంటాడు. బస్సులు లోపలికొస్తుంటే తల ఎత్తి చూస్తాడు, పోతుంటే తల ఎత్తి చూస్తాడు.

"వాణ్ణి చూశావుగా," అన్నాడు పున్నారావు. "మనిషి బతికే ఉన్నాడు. కానీ వాడి మొహం చూడు. అట్టా నేను బతకలేనమ్మా. ఇంట్లో మీ వదినకు కూడా తెలవదు. ఎవరితో అననని ఒట్టెయ్."

"ఒట్టెయ్యను," అంది అబిదా. "మన ఆఫ్ రోజున నరసరావుపేటలో గుండె డాక్టరమ్మ దగ్గరికి నాతో రావాలి. వస్తే నోరు మూసుకుంటా. రాకపోతే తెరుస్తా."

ఆయన ఖాళీ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత తలూపాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పింది. ఫరీద్ నాపరాళ్ళు పాలిష్ పట్టే మిల్లులో పనిచేస్తాడు. మాట తక్కువ మనిషి. తల మీది రాతిదుమ్ము కడుక్కుంటూ అంతా విని, "ఆఫ్ ఎప్పుడు?" అని అడిగాడు.

"ఇంకా మూడు రోజులుంది."

"ఆ మూడు రోజులూ ఆ బండ్లో నువ్వూ ఉంటావు. నీ వెనక అరవైమంది ఉంటారు," అని తువ్వాలు తీసుకుని లోపలికి పోయాడు.

ఆ మూడు రోజులూ అబిదా ఎవరికి ఏ టికెట్టు కొట్టిందో ఆమెకే తెలియదు. కళ్ళన్నీ అద్దంలో కనిపించే ఆయన ఎడమచేతి మీదే. చెయ్యి స్టీరింగు దిగితే ఆమె గుండె ఆగేది. గేరు మార్చడానికి దిగిందని తెలిశాక మళ్ళీ కొట్టుకునేది. ఎదురుగా లారీ వస్తే కమ్మీ పట్టుకుని, ఏదన్నా అయితే స్టీరింగు ఎటు తిప్పాలో మనసులోనే లెక్క వేసుకునేది. ఆమెకు సైకిలు తప్ప ఏదీ తొక్కడం రాదు.

డాక్టర్ మాధురి నలభై దాటని మనిషి. పున్నారావు చెప్పేది అడ్డుపడకుండా విన్నది. "నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది. అంతేగా?" అని రెండుసార్లు అడిగి, మళ్ళీ ఈసీజీ తీయించింది. మళ్ళీ సాఫుగానే వచ్చింది.

"చూశారా మేడం!" అన్నాడు పున్నారావు, గెలిచినవాడిలా.

"చూశాను. డిపోలో ఆగి ఉన్న బండి ఇంజను శబ్దం విని, ఈ బండి ఘాటెక్కుతుందో లేదో మీరు చెప్పగలరా?"

పున్నారావు తల అడ్డంగా ఊపాడు.

"ఇదీ అంతే. మీరిప్పుడు కుర్చీలో కూర్చున్నారు. గుండె మీద బరువు లేదు, గీత బాగానే ఉంటుంది. గుండెకు నెత్తురు తీసుకెళ్ళే నాళాలు లోపల సన్నబడ్డాయా అన్నది చూడాలి. దానికి సీటీ యాంజియో అని ఉంది. కొయ్యరు. తొడలోంచి తీగ పంపరు. చేతికి చిన్న సూది పెట్టి రంగుమందు ఎక్కించి, మిషనులో పడుకోబెట్టి బొమ్మలు తీస్తారు. బొమ్మ తీసేది పది సెకన్లే." కాగితం మీద రాస్తూ తల ఎత్తకుండానే అంది, "ఆ రిపోర్టు నేను చూసేదాకా మీరు బస్సు తోలకూడదు. బస్సే కాదు, స్కూటరు కూడా."

స్కానింగ్ సెంటరు రెండు వీధుల అవతల ఉంది. లోపల ఏసీ చలికి పున్నారావు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టెక్నీషియన్ రాజ్‌కుమార్ ఆయన వేలికి చిన్న క్లిప్పు తగిలించి చూశాడు. తొంభయ్యారు.

"అరవై దగ్గరికి రావాలి సార్. గుండె ఇంత వేగంగా కొట్టుకుంటుంటే బొమ్మ చెదిరిపోద్ది. ఈ మాత్ర వేసుకుని ప్రశాంతంగా కూర్చోండి," అన్నాడు.

గంట తర్వాత ఎనభయ్యెనిమిది. డాక్టరుకు ఫోను చేసి ఇంకో మాత్ర ఇచ్చారు. ఇంకో ముప్పావుగంట. ఎనభైనాలుగు. "దేని గురించీ ఆలోచించకండి సార్," అన్నాడు రాజ్‌కుమార్. అది విని ఆయన ఇంకా ఆలోచనలో పడ్డాడు. ఈలోపు సంతకం పెట్టమని కాగితం తెచ్చిచ్చారు. పున్నారావు కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క వరుసా వేలితో చూపుకుంటూ చదివాడు. రంగుమందు పడకపోతే దద్దుర్లు రావచ్చు. కిడ్నీల మీద ప్రభావం ఉండొచ్చు. బహు అరుదుగా ప్రాణాపాయం కలగవచ్చు. ఆయన వేలు అక్కడ ఆగిపోయింది.

"అందరికీ ఇదే కాగితం ఇస్తారన్నా," అంది అబిదా.

"తెలుసులే." కాగితం మడిచి కుర్చీ మీద పెట్టాడు. "బాత్రూముకు పోయొస్తా."

పావుగంట గడిచింది. రాజ్‌కుమార్ వచ్చి "ఏరీ?" అన్నాడు. అబిదా బాత్రూము దాకా వెళ్ళి, బయటనుంచి పిలిచి, తలుపు తోసి చూసింది. ఎవరూ లేరు. గేటు దగ్గరి మనిషిని అడిగితే, "తెల్లచొక్కా ఆయనేగా? ఆటో ఎక్కి పొయ్యాడే!" అన్నాడు. ఫోను చేస్తే స్విచ్చాఫ్.

మాచర్ల బస్సులో కూర్చుని తిరిగొస్తూ, మనిషి భయపడ్డాడు, రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉంటాడులే, అనుకుంది. డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పాక బండెక్కడులే అనుకుంది. అట్లా అనుకోకపోతే ఆమెకు ఊపిరాడేలా లేదు.

మర్నాడు పొద్దున్నే ఏడూపది బస్సు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో పున్నారావు కూర్చుని గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు.

"రామ్మా, టైమైంది," అన్నాడు ఏమీ జరగనట్టు. "నిన్న మాత్రలతో మొత్తం తగ్గిపోయింది. రాత్రి సుబ్బరంగా నిద్దరపోయా."

"రిపోర్టు రాకుండా తోలొద్దన్నది మేడం."

"ఆమెకేం తెలుసు? ఇవాళ తోలి, రేపు పోదాం."

అప్పటికే బస్సు నిండిపోయింది. ఉచిత ప్రయాణం వచ్చాక పొద్దుటి బండ్లలో ఆడవాళ్ళే ఎక్కువ. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, గుంటూరు ఆసుపత్రులకు పోయేవాళ్ళు, గురజాలలో దిగే టీచర్లు. రెండో సీట్లో అబిదా వీధిలోనే ఉండే అక్తర్ బేగం ఉంది. కంటి ఆపరేషనుకు ఇవాళే రమ్మన్నారని రాత్రినుంచి దువా చేసుకుంటూ వచ్చిన మనిషి.

అబిదా లోపలికెక్కింది. టికెట్లు కొట్టలేదు. తలుపు దగ్గర నిలబడి ఆయన చేతినే చూస్తోంది. పున్నారావు ఇంజను స్టార్టు చేశాడు. వెనక్కి చూడటానికి మెడ తిప్పినప్పుడు ఆయన ఎడమచెయ్యి ఒక్కక్షణం దవడ మీదికి వెళ్ళి, ఆమె చూస్తోందని గ్రహించి, దిగిపోయింది.

ఇంజను మోగుతోంది. ఆయన అద్దంలో ఆమెకేసి చూశాడు. ఆమె రైట్ చెప్పాలి. చెబితే కదలాలి.

చెప్పలేదు.

ఆయన హారను కొట్టాడు. ఆమె చెప్పలేదు. కంట్రోలరు గదిలోంచి "ఏడూపదీ, తియ్యాలమ్మా!" అని కేక వచ్చింది. బస్సులో గొణుగుడు మొదలైంది. "ఏందమ్మా నిలబెట్టావు?" అన్నారొకరు. "మాకు స్కూలు టైమైపోతుంది," అన్నారు ఇంకొకరు. అక్తర్ బేగం ముందుకు వంగి, "రైట్ చెప్పు బేటీ. తారీకు తప్పితే మళ్ళా నెల ఆగమంటారు," అంది.

అబిదా కిందికి దిగి కంట్రోలరు దగ్గరికి నడిచింది. ఆయన పేరు బసవపున్నయ్య. నోరు పెద్దది కానీ మనిషి మంచివాడే.

"నాకు ఒంట్లో బాగాలేదు సార్. ఈ ట్రిప్పు నేను పోలేను," అంది. ఆమె ఆలోచన ఒక్కటే. కండక్టరు లేకపోతే బండి ఆగుతుంది. పున్నారావు పేరు బయటికి రాదు.

బసవపున్నయ్య ఆమెను ఎగాదిగా చూసి, "సరే, పోయి పడుకో. ఉష స్పేరులో ఉంది," అని లోపలికి తిరిగి, "ఉషా! గుంటూరు బండెక్కమ్మా!" అని కేకేశాడు.

ఉష బ్యాగు భుజాన వేసుకుంటూ బయటికొచ్చింది. ప్లాట్‌ఫారం దాకా ముప్పై అడుగులుంటాయి. ఉష ముందు నడుస్తుంటే అబిదా వెనక నడిచింది. ఉష ఎక్కితే, ఒక్క మాట అంటే, బండి పోతుంది. రెంటచింతల, గురజాల, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి. ఆ సందుల్లో ఎక్కడో ఆ చెయ్యి మళ్ళీ స్టీరింగు దిగుతుంది. నేను నోరు మూసుకున్నది ఆయన మర్యాద కోసం. కానీ ఆ పిల్లలేం చేశారు? ఆ ముసలామె ఏం చేసింది?

ఉష ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అబిదా ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎక్కొద్దు." గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఈ బండి ఆయన తోలకూడదు. గుండెనొప్పి ఉంది. డాక్టరు తోలొద్దని కాగితం మీద రాసిచ్చింది. నిన్న పరీక్ష చేయించుకోకుండా పారిపోయొచ్చాడు."

బస్సులో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇంజను ఒక్కటే మోగుతోంది. పున్నారావు దాన్ని కూడా ఆపేశాడు. నెమ్మదిగా తలుపు తెరుచుకుని దిగి, అబిదా ఎదుటికొచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నారు చూసేవాళ్ళు. ఆయన చేతులు పైకి లేవలేదు.

"చెల్లెలివనుకున్నా," అన్నాడు. "బస్టాండులో నిలబెట్టి బట్టలూడదీశావు. నీ నోటితోనే నా పని అయిపోయింది. ఇంక నీ మొహం నాకు చూపించబాకు."

చేతిలో ఉన్న లాగ్‌షీటు కంట్రోలరు బల్ల మీద పడేసి, గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాలకు ఇంకో డ్రైవరు వచ్చాడు. బస్సు కదిలింది. అక్తర్ బేగం కిటికీలోంచి అబిదాను చూస్తూనే వెళ్ళింది. బసవపున్నయ్య ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, "జరిగింది మొత్తం రాసివ్వమ్మా," అన్నాడు. అబిదా రాసింది. పున్నారావు పేరు రాసేటప్పుడు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది.

రిపోర్టు తెస్తేనే డ్యూటీ అని డిపోలో తేల్చి చెప్పారు. ఇంటికి పోయిన పున్నారావు ఏం చెప్పాడో ఏమో, సాయంత్రానికి ఆయన భార్య శివపార్వతి ఫోను చేసింది. తిడుతుందనుకుని అబిదా ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుంది.

"రేపు పేటకు తీసుకుపోతున్నా అబిదా. ఉగాది నుంచి అంట! పక్కన పడుకునేదాన్ని, నాకు తెలవదు. నువ్వు కూడా రా. నాకు ఆ డాక్టర్ల మాటలు అర్థం కావు."

"నన్ను చూస్తే అన్నకు కోపమొస్తది వదినా."

"రానీ. కోపమొస్తే ఏం పోద్ది?"

ఈసారి డాక్టర్ మాధురి ఫోనులోనే చెప్పి మాత్రలు ముందురోజు రాత్రి నుంచే మొదలుపెట్టించింది. కాఫీ టీలు మాన్పించింది. వేలికి క్లిప్పు పెడితే అరవైనాలుగు చూపించింది. పున్నారావు అబిదా ఉన్నవైపు ఒక్కసారి కూడా తిరగలేదు. కాగితం చదవకుండానే సంతకం పెట్టి లోపలికి పోయాడు.

గది గోడలో మందపాటి గాజు ఉంది. దాని అవతల పెద్ద గుండ్రటి మిషను, మధ్యలో సన్నటి బల్ల. బల్ల మీద పడుకున్న పున్నారావు పాదాలు మాత్రమే ఆడవాళ్ళిద్దరికీ కనిపిస్తున్నాయి. చేతులు తలపైకి పెట్టించారు. నాలుక కింద ఒక మందు కొట్టారు. "మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది సార్. లుంగీ తడిసినట్టు కూడా అనిపిస్తుంది. తడవదు. కదలొద్దు," అన్నాడు రాజ్‌కుమార్ మైకులో.

బల్ల లోపలికి జరిగింది. మిషను గిర్రున తిరగడం మొదలైంది. "ఊపిరి పీల్చండి. బిగబట్టండి."

శివపార్వతి కూడా బిగబట్టింది. అబిదా కూడా. ఆ పాదాల బొటనవేళ్ళు రెండూ బిగుసుకుని నిలబడ్డాయి. ఒకటి, రెండు, మూడు అని ఆమె లోపల లెక్కపెట్టింది. తొమ్మిదికి వచ్చేసరికి, "వదిలెయ్యండి," అన్న మాట వినిపించింది. వేళ్ళు వాలాయి.

అయిపోయింది. ఇంతేనా అనుకుంది శివపార్వతి, పైకే అంది కూడా. అబిదా నవ్వబోయి, రాజ్‌కుమార్ ముఖం చూసి ఆగిపోయింది. అతను తెర మీద ఏదో బొమ్మను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఎర్రటి ముద్ద, దానిమీద కొమ్మల్లా పాకిన నాళాలు. ఒకచోట ఆపాడు. పెద్దది చేశాడు. ఇంకోవైపు నుంచి తిప్పి మళ్ళీ అక్కడే ఆపాడు. తర్వాత కుర్చీ వెనక్కి తోసి లేచి, ఫోను తీసి గొంతు తగ్గించి మాట్లాడాడు. మాట్లాడుతూనే మైకు నొక్కి, "సార్, లేవకండి. అట్లానే పడుకోండి," అన్నాడు.

మామూలుగా లేచి పొమ్మంటారు. ఆ సంగతి అబిదాకు తెలుసు. మొన్న అక్కడే కూర్చుని నలుగురు లేచి నడిచి పోవడం చూసింది.

పది నిమిషాల్లో డాక్టర్ మాధురే స్వయంగా వచ్చింది. రేడియాలజీ డాక్టరు పక్కన నిలబడి తెర చూసింది. బయటికొచ్చి మొదట అన్నమాట, "ఆయన్ను ఎవరూ నడిపించకండి. స్ట్రెచరు తెస్తున్నారు."

శివపార్వతి అబిదా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు గాజులు ఒత్తుకుపోయాయి.

"అమ్మా, భయపెట్టడానికి చెప్పట్లేదు," అంది మాధురి. "గుండె ఎడమవైపుకు నెత్తురంతా ఒక మొదలు నాళంలోంచి పోతుంది. చెట్టుకు బోదె ఎట్లాగో అట్లా. ఆ బోదె దగ్గరే ఎనభై శాతం పైగా మూసుకుపోయింది. ఇంకా గుండెపోటు రాలేదు, కండ దెబ్బతినలేదు. అదే మన అదృష్టం. కానీ ఆగడానికి లేదు. గుంటూరులో సర్జన్‌తో మాట్లాడాను. బైపాస్ చెయ్యాలి. అంబులెన్సు వస్తోంది."

స్ట్రెచరు మీద పున్నారావు పైకప్పు చూస్తూ అంతా విన్నాడు. ముఖంలో కోపం లేదు. ఏమీ లేదు.

"మేడం," అన్నాడు. "నిన్న నేను బండి తీసుకుపోయుంటే?"

"చెప్పలేను. ఏమీ కాకుండా సాయంత్రానికి ఇంటికొచ్చి ఉండొచ్చు. ఉగాది నుంచి రోజూ అట్లాగే వచ్చారు," అంది మాధురి. "ఎన్నాళ్ళు వచ్చేవాళ్ళో మాత్రం నేను చెప్పలేను."

పున్నారావు కళ్ళు మూసుకున్నాడు. స్ట్రెచరు లిఫ్టు వైపు కదిలింది. అబిదా పక్కనే నడిచింది. ఆయన ఆమెను పిలవలేదు, పొమ్మనీ అనలేదు. అంబులెన్సులో ఇద్దరికి చోటు లేదన్నారు. శివపార్వతి ఎక్కింది. తలుపు మూసుకున్నాక, అబిదా రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని, ముఖానికి దుపట్టా అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండు రోజులుగా ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది.

ఆపరేషను ఆరు గంటలు పట్టింది. కాలిలోంచి, ఛాతీలోంచి నాళాలు తీసి అతికారట. పున్నారావు బతికాడు. పదకొండో రోజున ఇంటికొచ్చాడు. మూడు నెలల తర్వాత వైద్యులు మళ్ళీ పరీక్షించి, మనిషి బాగున్నాడు గానీ బస్సు తోలడానికి పనికిరాడని రాశారు. ఆయన భయపడ్డదే జరిగింది. కంట్రోలరు గదిలో ఒక కుర్చీ ఇచ్చారు.

అబిదాకు ఆ మూడు నెలలూ తేలిగ్గా గడవలేదు. డ్రైవర్లు కొందరు ఆమెతో డ్యూటీ వద్దన్నారు. "ఆమె టికెట్లు కొట్టదయ్యా, మన గుండెలు లెక్కపెట్టుద్ది," అని ఒకడంటే మిగతావాళ్ళు నవ్వేవారు. ఆమె విననట్టు నడిచిపోయేది. ఇంటికొచ్చి ఫరీద్‌తో, "నేను తప్పు చేశానా?" అని అడిగితే, అతను, "అడిగినప్పుడల్లా కాదనే చెప్పాలా?" అని అన్నం వడ్డించేవాడు.

ఒకరోజు డిపో గేటు దగ్గర సుధాకర్ ఆమెను ఆపాడు. అటూ ఇటూ చూసి, "అబిదమ్మా, ఆ డాక్టరమ్మ నంబరుందా? నాక్కాదు, మా తమ్ముడికి. వాడు లారీ తోలుతాడు. మెట్లెక్కితే ఆయాసమంటున్నాడు," అన్నాడు. ఆమె నంబరు రాసిచ్చింది. వారం తిరక్కుండా, ఎగతాళి చేసిన డ్రైవరే వచ్చి నీళ్ళు నమిలాడు. అతనికీ రాసిచ్చింది. అందరికీ ఆ స్కానింగు అవసరం పడలేదు. ఒకరికి నిజంగా గ్యాసే. ఒకరికి బీపీ అని తేలింది. లారీ తోలే తమ్ముడికి ఒక నాళంలో సగం పూడిక కనిపిస్తే, మాత్రలతోనే ఆపవచ్చన్నారు.

కార్తీకమాసంలో ఒక పొద్దున, అబిదా నరసరావుపేట బస్సులో డ్యూటీ ఎక్కింది. డ్రైవరు వెనక సీట్లో పున్నారావు కూర్చుని ఉన్నాడు. చెకప్పుకు పోతున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా గుండీల సందులోంచి ఛాతీ మీది కుట్ల మచ్చ కొంచెం కనిపిస్తోంది. ఆమె పక్కకొచ్చి నిలబడింది.

"పేటకు ఒకటి," అన్నాడు, ముందుకే చూస్తూ. ఆరు నెలల్లో అదే మొదటి మాట.

"స్టాఫుకు టికెట్టేందన్నా?"

బస్సు ఊరు దాటింది. ముందు ఒక ట్రాక్టరు హఠాత్తుగా పొలంలోంచి రోడ్డెక్కింది. కుర్రడ్రైవరు బ్రేకు కొట్టకముందే పున్నారావు కుడికాలు నేల మీద గట్టిగా నొక్కుకుంది. బస్సు ఆగింది. ట్రాక్టరు పోయింది. ఆయన తన కాలికేసి చూసుకున్నాడు.

"నీ మీద నాకు ఇంకా కోపం పోలేదు," అన్నాడు మెల్లగా.

"తెలుసన్నా."

"పోతదో పోదో కూడా తెలవదు."

"ఉండనీ," అంది అబిదా.

ఆయన కిటికీ వైపు జరిగాడు. పక్కన చోటు ఖాళీ అయింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అబిదా అక్కడ కూర్చుంది. కారెంపూడి వచ్చేదాకా లేవలేదు.